పాప తల చెమటతో తడిసిపోతోంది... ఉక్కపోతా, జబ్బా?

గాజువాక నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరు వేయొద్దన్నారు. తొలి కాన్పు, పాపకి ఇప్పుడు పదకొండు వారాలు. నర్సీపట్నం దగ్గర పల్లెలో, పుట్టింట్లోనే పురుడు జరిగింది. మూడో నెల రాగానే అత్తవారింటికి తీసుకొచ్చారు. వచ్చిన రోజు నుంచీ పాప తల తడిసిపోతోందట. పాలకి ఒళ్ళో వేసుకున్న కాసేపటికే జుట్టు నుదుటికి అంటుకుపోతోంది. తల ఆన్చిన మోచెయ్యి జారిపోతోంది. పడుకోబెడితే తల కింద గుడ్డ అరగంటకోసారి మార్చాల్సి వస్తోంది. మెడ మడతల్లో ఎర్రగా పొక్కులు కూడా లేచాయి.

ఇంట్లో తలో మాట. తల్లి సువర్ణరేఖ మామిడిపండు తిన్నందుకే పిల్లకి వేడి చేసిందంటారు అత్తగారు. అయినా టోపీ, సాక్సులు తియ్యనివ్వరు, ఫ్యాన్ కింద పడుకోబెట్టనివ్వరు. గదిలో ఏసీ ఉంది కానీ వేస్తే వచ్చి ఆపేస్తారు, "పిల్లకి గాలి కొట్టేస్తాది" అని. ఆవిడ కొడుకు చంటివాడిగా ఉన్నప్పుడు నెమ్ము చేసి కేజీహెచ్‌లో (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి) పెట్టాల్సి వచ్చిందట. పక్కింటావిడ ఇంకో బాంబు వేశారు: వాళ్ళ చెల్లెలి కొడుక్కీ ఇలాగే చెమటలు పట్టేవనీ, చూపిస్తే గుండెలో రంధ్రం అని తేలిందనీ. ఆ రాత్రి నుంచి ఈవిడకి కంటి మీద కునుకు లేదు. భర్తది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. "మీరిద్దరూ ఒక మాట మీదకి వచ్చి చెప్పండి" అని తప్పుకుంటున్నారు.

ఆవిడ ప్రశ్నలు ఇవి. ఇది జబ్బేనా? ఉత్త చెమటకి డాక్టరు దగ్గరికి వెళ్తే నవ్వరా? కాచి చల్లార్చిన నీళ్ళు పట్టొచ్చా? ఎండలు తగ్గేదాకా పాపని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోవచ్చా?

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. టోపీ గురించి ఒక పేజీ రాశారు, ఏసీ గురించి ఇంకో పేజీ. చివరలో, సంతకానికి ముందు, ఒక్క వాక్యం: "పాలు తాగడానికి ముప్పావు గంట పడుతోంది, మధ్యమధ్యలో నిద్రపోతుంది." నేను ఆగింది అక్కడ. కంగారు పడకండి, ఇందులో ఏమీ లేకపోయే అవకాశమే ఎక్కువ. కానీ ముందు మాట్లాడుకోవాల్సింది దాని గురించే. మిగతావన్నీ తర్వాత.

చెమట ఒక్కటే చూసి ఏదీ చెప్పలేం. చెమట గ్రంథులన్నీ బిడ్డకి పుట్టుకతోనే ఉంటాయి, తర్వాత కొత్తవి పుట్టవు. అయితే అన్నీ ఒకేసారి పని మొదలుపెట్టవు. మొదట నుదురు, తల. తర్వాత ఒళ్ళు, చివరికి కాళ్ళూ చేతులూ. పైగా చంటిబిడ్డ ఒంట్లో తల వాటా పెద్దది. శరీరం మొత్తం మీది చర్మంలో దాదాపు ఐదో వంతు తలదే. మనకైతే పదో వంతు కూడా ఉండదు. అందుకే ఒళ్ళంతా పొడిగా ఉండి తల మాత్రం తడిసి ముద్దవుతుంది. ఇక పాలు తాగడం మనకి తేలిగ్గా కనిపిస్తుంది గానీ ఆ వయసులో బిడ్డ చేసే పనుల్లో అంతకు మించిన కష్టం లేదు. దానికి తోడు మీ ఒంటి వేడి, తల కింద మీ మోచెయ్యి. చెమట పట్టకపోతేనే ఆశ్చర్యం.

పక్కింటావిడ చెప్పింది కూడా ఉత్త పుకారు కాదు. గుండె గదుల మధ్య పెద్ద రంధ్రం ఉంటే రక్తం పక్కదారి పట్టి ఊపిరితిత్తుల్లోకి ఎక్కువగా పోతుంది. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి కాబట్టి ఆ పోటు పెద్దగా తెలియదు. నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య అవి వదులవుతాయి, అప్పుడు లక్షణాలు బయటపడతాయి. అంటే పుట్టినప్పుడు "అంతా బాగుంది" అని ఇంటికి పంపారన్న ధీమా ఒక్కటే సరిపోదు. ఇలాంటి పిల్లలు ఆకలితో ఏడుస్తారు, రొమ్ము నోట్లో పెట్టగానే ఆత్రంగా నాలుగు గుక్కలు తాగుతారు, ఆయాసంతో వదిలేస్తారు, మళ్ళీ పట్టుకుంటారు, అలిసిపోయి కడుపు నిండకుండానే నిద్రలోకి జారుకుంటారు. గంట తిరక్కుండా మళ్ళీ ఆకలి. నుదుటి మీద పట్టే చెమట చల్లగా, జిగటగా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, బరువు పెరగరు.

ఇదే ముప్పావు గంట ఇంకోలా కూడా ఉండొచ్చు. పాప పది, పదిహేను నిమిషాల్లో కడుపు నింపుకుని, మిగతా అరగంటా నోట్లో పెట్టుకుని ఊరికే చప్పరిస్తూ కునుకు తీస్తుంది. చాలామంది పిల్లల సంగతి ఇదే. గాలాడని గదిలో, టోపీ పెట్టుకుని ఉంటే ఇంకా త్వరగా మగతపడతారు. ఈ రెంటిలో మీ పాపది ఏదో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. మీరు మాత్రం చూడగలరు.

రేపు ఒక పూట ఇలా చేసి చూడండి. ఏసీ 26 దగ్గర పెట్టి, ఫ్యాన్ నెమ్మదిగా తిప్పి, గది చల్లబడ్డాక పాపకి డైపర్ ఒక్కటే ఉంచి పాలివ్వండి. మీ మోచేతికీ పాప తలకీ మధ్య పల్చటి నూలుగుడ్డ వెయ్యండి. చల్లని గదిలో చెమట తగ్గి, చురుగ్గా తాగి, తనంతట తానే వదిలేస్తే సగం జవాబు దొరికినట్టే. చల్లగా ఉన్నా నుదుటి మీద చెమట, ఆగి ఆగి తాగడం అలాగే ఉంటే డాక్టరుకి చూపించడానికి అంతకంటే కారణం అక్కర్లేదు.

పాప నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకి తీసి ఊపిరి లెక్కపెట్టండి. పొట్ట ఒకసారి పైకి లేచి దిగితే ఒకటి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చెయ్యొద్దు. ఈ వయసు పిల్లలు కాసేపు గబగబా, కాసేపు మెల్లగా పీలుస్తారు కాబట్టి పూర్తిగా నిమిషం చూడాలి. రెండు నెలలు దాటిన బిడ్డకి నిమిషానికి 50, ఆ పైన వస్తుంటే, లేదా పక్కటెముకల కింద గుంట పడుతుంటే, ఆ రోజే డాక్టరు దగ్గర ఉండాలి.

ఇక బరువు. పుట్టినప్పుడు 2.9 కిలోలు, ఆరో వారం టీకాకి వెళ్ళినప్పుడు 4 కిలోలు అని రాశారు. బంగారంలా పెరిగింది. కానీ ఆ తర్వాత తూచలేదు. ఇల్లు మారే హడావిడిలో పదో వారం టీకా కూడా తప్పిపోయింది. ఈ రెండూ ఒకే పనితో తీరతాయి. ఈ వారంలోనే దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి పెంటావాలెంట్ రెండో డోసు, దాంతో పాటు ఇచ్చే చుక్కలు వేయించండి. కార్డులో బరువు రాయించండి. ఈ వయసులో రోజుకి పాతిక నుంచి ముప్పై గ్రాములు పెరగాలి కాబట్టి ఇప్పుడు మీ పాప ఐదు కిలోలకు కాస్త అటూఇటూ ఉండాలి. అలా ఉండి, రోజుకి ఆరుసార్లకు తక్కువ కాకుండా ఉచ్చ పోస్తూ, మెలకువగా ఉన్నప్పుడు మీ ముఖం చూసి నవ్వుతుంటే, పక్కింటావిడ కథ మీ ఇంటిది కాదని చాలావరకు నమ్మొచ్చు. నాలుగున్నర దగ్గరే ఆగిపోయి ఉంటే మాత్రం తర్వాతి వారం దాకా ఆగకండి.

డాక్టరు దగ్గరికి వెళ్తే నవ్వుతారేమో అన్నారు. "చెమట పడుతోంది" అని మాత్రమే చెబితే బయట పాతికమంది ఉన్న ఓపీలో, నిజమే, రెండు నిమిషాల్లో పంపించేయొచ్చు. "పాలు తాగేటప్పుడు నుదుటి మీద చెమట పడుతోంది, ముప్పావు గంట పడుతోంది, మధ్యలో అలిసిపోతోంది" అని చెప్పండి. ఏ పిల్లల డాక్టరూ ఈ మాట విని నవ్వరు. స్టెతస్కోప్ పెడతారు, కాలికి చిన్న క్లిప్పు పెట్టి ఆక్సిజన్ శాతం చూస్తారు, తొడ దగ్గర నాడి పట్టుకుంటారు, కాలేయం చేతికి తగులుతోందా అని పొట్ట నొక్కి చూస్తారు. అనుమానం ఉంటేనే ఎకో, అంటే గుండెకి చేసే స్కానింగ్. నేరుగా మీరే వెళ్ళి ఎకో తీయించుకోవచ్చు కూడా, బిడ్డకి నొప్పీ ఉండదు, రేడియేషనూ ఉండదు. కానీ డాక్టరు చూడకుండా తీయిస్తే ఒక చిక్కుంది. ఈ వయసులో చాలామందికి చిన్నచిన్న రంధ్రాలు కనిపిస్తాయి, వాటిలో ఎక్కువ భాగం వాటంతటవే మూసుకుపోతాయి. రిపోర్టులో ఆ ముక్క చూసి లేని జబ్బుని ఏడాది పాటు మోసే తల్లులున్నారు. ఒకవేళ నిజంగానే ఏదైనా తేలితే, దానికి మందులున్నాయి, ఆపరేషన్లున్నాయి. అర్హులైతే ఎన్టీఆర్ వైద్య సేవ కింద (మనమింకా ఆరోగ్యశ్రీ అనే అంటున్నాం) పిల్లల గుండె ఆపరేషన్లు కూడా చేస్తారు.

టీకా దాకా, బరువు దాకా ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. పెదవులు, నాలుక నీలంగా మారడం, పాలు పూర్తిగా మానేయడం, లేపినా లేవనంత మగత, ఒళ్ళు చల్లబడి చెమటలు పట్టి వణకడం. మూడు నెలల లోపు పిల్లకి 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా అంతే. వీటిలో ఏది కనిపించినా రాత్రీ పగలూ చూడకండి, 108కి ఫోన్ చెయ్యండి. ఇంకొకటి చాలామందికి తెలియదు. వడగాడ్పులో ఒళ్ళు కాలిపోతూ చెమటే పట్టకపోతే అది చెమట పట్టడం కన్నా పెద్ద ప్రమాదం.

ఇప్పుడు ఉక్క సంగతికి వద్దాం. విజయవాడ చుట్టాలు ఫోన్ చేసి "మాకు 44, మీకు 35 కూడా లేదు, ఏం బాధ" అంటుంటారు కదా. వాళ్ళకి చెమట పట్టీ పట్టగానే ఆరిపోతుంది. ఆరినప్పుడే ఒళ్ళు చల్లబడేది. విశాఖలో సముద్రపు తేమ వల్ల చెమట ఆరదు, కారుతుంది. ఒళ్ళు చల్లబడదు కాబట్టి ఇంకా పడుతుంది. పుట్టింట్లో వాకిట్లో వేపచెట్టు కింద పడుకున్న పిల్ల, గాజువాకలో పక్క మేడ గోడ కిటికీకి అడ్డమైన గదిలోకి వచ్చింది. తేడా తెలియకుండా ఎలా ఉంటుంది?

టోపీ, సాక్సులు ఇంట్లో అక్కర్లేదు. బిడ్డ వేడి వదుల్చుకునేది ముఖ్యంగా తల నుంచే, దాన్నే మూసేస్తున్నారు. నిద్రలో ఒళ్ళు మరీ వేడెక్కడం ఈ వయసు పిల్లలకి ప్రమాదం కూడా. వెల్లకిలా, టోపీ లేకుండా, ముఖం మీద గుడ్డ లేకుండా పడుకోబెట్టాలి. పక్క ఒకసారి చూడండి. నూలుగుడ్డ కింద రబ్బరు షీటు పరిచి ఉంటుంది. అది వీపు కింద వేడిని పట్టి ఉంచుతుంది, చెమట పీల్చదు. నడుం కింద చిన్న ముక్క చాలు, తల దాకా పరచక్కర్లేదు. చీర ఉయ్యాలలో బిడ్డ చుట్టూ గుడ్డే, గాలి ఎక్కడిది? గొడుగులా మూసే దోమతెర కూడా గాలిని ఆపుతుంది, పగలు తీసేయండి. నూనె రాసి, పొగలు కక్కే నీళ్ళతో పోసి, సాంబ్రాణి పట్టి, వెంటనే చుట్టబెడితే అరగంట పాటు చెమటలు పట్టక మానవు. గోరువెచ్చని నీళ్ళు చాలు, ఈ నెలల్లో సాయంత్రం ఒకసారి తడిగుడ్డతో తుడవండి. సాంబ్రాణి పొగ మానేయడమే నయం.

మెడలోవి చెమట పొక్కులు. గ్రంథుల నోళ్ళు మూసుకుపోతే వస్తాయి. వాటి మీద పౌడరు వేస్తే చెమటతో కలిసి ముద్దై ఇంకా మూస్తుంది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మరీ ముప్పు. ఆముదమూ అంతే, కనీసం ఈ నెలలు మానండి. గడ్డం పైకెత్తి, మడత విప్పి, మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్దండి. కాసేపు గాలి తగలనివ్వండి. మూడు నాలుగు రోజుల్లో వాడిపోతాయి. పచ్చిగా తడిదేరి వాసన వస్తున్నా, చీము కనిపించినా చూపించండి.

నీళ్ళు వద్దు. తల్లిపాలలో నూటికి 88 పాళ్ళు నీరే. ఆరు నెలల దాకా ఎంత ఎండాకాలమైనా చుక్క నీళ్ళు అవసరం లేదు. చిన్న పొట్ట నీళ్ళతో నిండితే ఆ మేరకు పాలు తగ్గుతాయి, నీళ్ళ నుంచి విరేచనాలు పట్టుకునే భయం వేరే. ఎక్కువసార్లు పాలివ్వండి, నీళ్ళు మీరు తాగండి. మామిడిపండుకీ పాప చెమటకీ ఏ సంబంధమూ లేదు. సువర్ణరేఖ దొరికేదే ఈ కొన్ని వారాలు, మానుకోకండి.

అత్తగారి విషయం. ఒకటి గమనించండి, ఆవిడ మీతో పోట్లాడటం లేదు. నెమ్ముతో ఆయాసపడుతున్న చంటివాడిని ఒళ్ళో వేసుకుని కేజీహెచ్‌లో కూర్చున్న మనిషి. ఫ్యాన్ చప్పుడు వింటే ఆవిడకి గుర్తొచ్చేది అదే. నెమ్ము సూక్ష్మక్రిముల వల్ల వస్తుంది, ఫ్యాన్ గాలి వల్ల కాదు. ఇది నిజమే అయినా, మీరు చెబితే ఎదురు చెప్పినట్టు వినిపిస్తుంది.

మీ ముందు మూడు దారులున్నాయి. ఆవిడ పడుకున్నాక గుట్టుగా ఏసీ వేసుకోవడం ఒకటి. పని జరుగుతుంది, కానీ పాపకి మామూలు జలుబు చేసినా నింద మీ మీదే పడుతుంది, ఆ తర్వాత మీ మాట చెల్లదు. ఆయనతో చెప్పించడం రెండోది. నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి అమ్మతో చెప్పే తీరు ఎలా ఉంటుందో మీకే తెలియాలి, ఒక్కోసారి "పెళ్ళాం మాట" అయిపోతుంది. ఆయన పూర్తిగా తప్పుకోవడం మాత్రం నాకు నచ్చలేదు, ఆ మాట ఆయనకి చూపించండి. మూడోది, టీకాకీ డాక్టరుకీ ఆవిడని వెంట తీసుకెళ్ళడం. "మా అత్తయ్యగారు నెమ్ము చేస్తుందేమోనని భయపడుతున్నారు, ఫ్యాన్ వెయ్యొచ్చా" అని ఆవిడ ఎదురుగానే అడగండి. జవాబు డాక్టరు నోట రావాలి, ఆవిడ చెవిన పడాలి. నాకైతే ఇదే నయమనిపిస్తుంది. ఒక్క రోజులో ఆవిడ మారకపోవచ్చు, మొదట ఫ్యాన్ ఒకటి, ఇంకో వారానికి ఏసీ.

ఇంట్లో ఆవిడకి ఒక పని అప్పజెప్పండి. కాళ్ళూ చేతులూ పట్టుకుని "చల్లబడిపోయింది" అంటారు కదా, ఈ వయసులో అవి ఎప్పుడూ కాస్త చల్లగానే ఉంటాయి. అక్కడ కాదు, మెడ వెనక, చొక్కా లోపల రెండు వేళ్ళు పెట్టి చూడమనండి. వెచ్చగా, పొడిగా ఉంటే సరిపోయింది. తడిగా, వేడిగా ఉంటే ఒక బట్ట తియ్యాలి. నిజంగా చల్లగా ఉంటే ఒకటి వెయ్యాలి, అప్పుడు ఆవిడ మాటే నెగ్గనివ్వండి.

పుట్టింటికి వెళ్ళడం తప్పేమీ కాదు. మీకూ నిద్ర దొరుకుతుంది. కానీ బరువు చూడకుండా, డాక్టరుకి చూపించకుండా వెళ్ళకండి. అవసరమైతే పిల్లల డాక్టరు, ఎకో మిషను దగ్గర్లో ఉన్నది ఇక్కడే. అంతా బాగుందని తేలాక వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, వానలు పడ్డంత మాత్రాన విశాఖలో ఉక్క పోదు. సెప్టెంబరులోనూ ఇలాగే ఉంటుంది. ఫ్యాన్ తగువు తెగకుండా వెళ్తే తిరిగొచ్చేసరికి అది అక్కడే ఉంటుంది. అప్పటికి పాప బోర్లా పడుతూ, ఇంకా ఎక్కువ చెమటలు కక్కుతుంటుంది.

టీకా వేయించిన సాయంత్రం పాపకి ఒళ్ళు వెచ్చబడొచ్చు. 100.4కి చేరితే మాత్రం పైన చెప్పిందే వర్తిస్తుంది. ఆ వేడి దిగేటప్పుడు చెమటలు పడతాయి, పాలు కూడా కాస్త మందంగా తాగుతుంది. ఆ రోజు, ఆ మర్నాడు చూసిన చెమటని లెక్కలోకి తీసుకోకండి. పారాసిటమాల్ చుక్కలు ఎన్ని వెయ్యాలో పాప బరువుని బట్టి అక్కడే అడిగి కార్డు వెనక రాయించుకుని రండి.